ఆవు మింగిన ప్లాస్టిక్ కవర్ ఎందుకు బయటకు రాదు? నాలుగు గదుల పొట్టలో అసలేం జరుగుతుంది?

సాయంత్రం ఆరు దాటింది. తార్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్లే దారిలో చెట్ల కింద ఓ చెత్త కుప్ప. ఎవరో మిగిలిపోయిన సాంబార్ అన్నాన్ని పల్చటి నల్ల కవర్‌లో పోసి, గట్టిగా ముడివేసి అక్కడ పడేసి వెళ్లారు. ఓ ఆవు వచ్చింది. వాసన చూసింది. ముడి విప్పడం దానికి రాదు కదా.. నాలుకతో చుట్టి, కవర్‌తో సహా నోట్లోకి లాక్కుంది. పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు.

ఇది కొత్త దృశ్యమేమీ కాదు. సిటీలో రోజూ చూస్తూనే ఉంటాం. ఆ రోజు మాత్రం ఓ డౌట్ వచ్చింది. చిన్న పిల్లాడు పొరపాటున గోలీ మింగితే చాలాసార్లు రెండు మూడు రోజుల్లో అదే బయటకు వచ్చేస్తుంది. మరి ఆవు మింగిన కవర్ ఎందుకు రాదు? ఏళ్ల తరబడి లోపలే ఎందుకు ఉండిపోతుంది?

సమాధానం దాని పొట్ట నిర్మాణంలోనే ఉంది. ఆ కవర్‌తో పాటు మనమూ లోపలికి వెళ్లి చూద్దాం.

నాలుగు పొట్టలు కాదు.. ఒకే పొట్ట!

ఆవుకు నాలుగు పొట్టలు ఉంటాయని చిన్నప్పుడు చదివే ఉంటారు. నిజానికి పొట్ట ఒక్కటే, దానికి నాలుగు గదులు. రూమెన్, రెటిక్యులమ్, ఒమాసమ్, అబోమాసమ్. బర్రె, మేక, గొర్రె, జింక.. నెమరువేసే ఈ జీవాలన్నింటికీ ఇదే ఏర్పాటు.

పేర్లు కొత్తగా ఉన్నాయని కంగారుపడకండి. ఇంట్లో ఎప్పుడైనా బోటీ శుభ్రం చేసిన వాళ్లకు ఈ గదులు బాగా తెలుసు. టర్కీ టవల్‌లా గరుకుగా, నూగు నూగుగా ఉండే ముక్క రూమెన్‌ది. తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండేది రెటిక్యులమ్. పుస్తకంలో పేజీల్లా మడతలు మడతలుగా, ఎంత కడిగినా మధ్యలో చెత్త ఇరుక్కునే ముక్క ఒమాసమ్. నున్నగా, జారుగా ఉండేది అబోమాసమ్. మనకున్న పొట్టతో పోల్చదగ్గది ఈ చివరిదే. యాసిడ్, జీర్ణరసాలు ఊరేది అక్కడే.

మరి ముందున్న మూడు గదులు ఎందుకు? అందులో మొదటిది మరీ పెద్దది. పెద్ద ఆవులో రూమెన్ ఒక్కటే 100 నుంచి 200 లీటర్లు పడుతుంది. అంటే మన ఇళ్లలో నీళ్లు పట్టుకునే పెద్ద డ్రమ్ము అంత! ఎడమ డొక్క మొత్తం దాదాపుగా ఇదే ఆక్రమించేస్తుంది.

ఇక్కడే అసలు ట్విస్ట్.. గడ్డిని ఆవు అరిగించుకోలేదు!

అవును, చదివింది కరెక్టే. గడ్డిలో, వరిగడ్డిలో, జొన్న చొప్పలో ఎక్కువగా ఉండేది సెల్యులోజ్ అనే పీచు. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ మన ఒంట్లో తయారు కాదు. ఆవు ఒంట్లోనూ తయారు కాదు. ఆ పని చేసేది రూమెన్‌లో కాపురముండే సూక్ష్మజీవులు. అక్కడి ద్రవం ఒక్క మిల్లీలీటర్ తీసుకుంటే అందులో వెయ్యి కోట్ల వరకు బ్యాక్టీరియా ఉంటాయి. వాటితో పాటు లక్షల్లో ప్రోటోజోవాలు, కొన్ని రకాల ఫంగస్‌లు.

ఆవు చేసేదల్లా వాటికి ఇల్లు చూసుకోవడమే. సుమారు 39 డిగ్రీల వేడి, గాలి చొరబడని చీకటి, ఎప్పుడూ తడి, టైముకు మేత. రూమెన్ గోడ నిమిషానికి ఒకటి రెండుసార్లు ముడుచుకుని లోపలున్నదంతా కలియబెడుతుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి కాసేపు ఉంటే ఆ కదలిక చేతికి తెలుస్తుంది. పశువుల డాక్టర్ వచ్చీ రాగానే అక్కడ చెయ్యి పెట్టేది ఇందుకే.

ఇలాంటి ఇల్లే ఒకటి మనుషులు కూడా కట్టారు. దాని డిజైన్ వచ్చింది ఎక్కడి నుంచో కాదు, తార్నాక నుంచే.

తార్నాక ల్యాబ్.. బోయిన్‌పల్లి మార్కెట్.. ఓ స్టీల్ పొట్ట

తార్నాకలోని సీఎస్‌ఐఆర్-ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఎనరోబిక్ గ్యాస్ లిఫ్ట్ రియాక్టర్ అనే బయోగ్యాస్ టెక్నాలజీని తయారుచేశారు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో నడుస్తున్న ప్లాంట్ దీని మీదే పనిచేస్తుంది. 2021 జనవరి 31న 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ ఈ మార్కెట్ గురించే ప్రస్తావించారు. రోజూ పోగయ్యే 10 టన్నుల వరకు కూరగాయల చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంట్, 30 కిలోల జీవ ఇంధనం వస్తున్నాయని అప్పట్లో చెప్పిన లెక్క.

కుళ్లిన టమాటాలు, క్యాబేజీ ఆకులు ముందు ష్రెడ్డర్‌లో పడి సన్నగా తురుము అవుతాయి. తర్వాత గాలి లేని ట్యాంకులోకి వెళ్తాయి. అక్కడ ఒక రకం బ్యాక్టీరియా వాటిని కరిగిస్తుంది, ఇంకో రకం ఆమ్లాలుగా మారుస్తుంది, చివరి రకం ఆ ఆమ్లాలను మీథేన్ గ్యాస్‌గా మార్చేస్తుంది.

రూమెన్‌లోనూ మొదటి రెండు దశలు అచ్చం ఇంతే. తేడా మూడో దశలో ఉంది. ప్లాంట్‌కు కావాల్సింది గ్యాస్, కాబట్టి ఆమ్లాలు పూర్తిగా మీథేన్ అయ్యేదాకా రోజుల తరబడి ఆగుతారు. ఆవుకు కావాల్సింది ఆమ్లాలు! అవి తయారైన వెంటనే రూమెన్ గోడ మీదున్న ఆ టవల్ నూగు వాటిని పీల్చేసుకుని రక్తంలోకి పంపేస్తుంది. ఆవు ఒంటికి అందే శక్తిలో దాదాపు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అని వాటికి పేర్లు. మొదటిది మన వంటింట్లో వెనిగర్‌లో ఉండే ఆమ్లమే.

ఆవుకు మీథేన్ మాత్రం వేస్ట్. తిన్న మేతలోని శక్తిలో సుమారు 6 శాతం అలా పోతుంది. పైగా భూమి వేడెక్కడానికి కారణమని ఆవుల మీద నింద కూడా! అన్నట్టు ఆ గ్యాస్ వెనక నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, అందులో ఎక్కువ భాగం నోటి నుంచి త్రేన్పుల రూపంలోనే పోతుంది. ఆ త్రేన్పు ఆగిపోతే పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకు వస్తుంది.

ఊళ్లో గోబర్ గ్యాస్ ట్యాంకు మొదటిసారి పెట్టినప్పుడు పేడ నీళ్లు ఎందుకు పోస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ గ్యాస్ చేసే సూక్ష్మజీవులు ఆవు పేడలో సిద్ధంగా ఉంటాయి మరి.

నెమరు అంటే ఆవుకున్న ష్రెడ్డర్

ప్లాంట్‌లో చెత్తను ముందే తురుముతారు. ఆవు రివర్స్‌లో చేస్తుంది. ముందు గబగబా మింగేస్తుంది, తర్వాత తీరిగ్గా తురుముతుంది. మేత అయ్యాక నీడ చూసుకుని కూర్చుంటుంది. రూమెన్ నుంచి ఓ ముద్ద మళ్లీ నోట్లోకి వస్తుంది. గంగడోలు పక్కన మెడ వైపు చూస్తూ ఉండండి, కింది నుంచి పైకి ఓ ఉబ్బు పరుగెత్తడం స్పష్టంగా కనిపిస్తుంది. దాదాపు నిమిషం పాటు నములుతుంది, మింగుతుంది. కొన్ని సెకన్ల గ్యాప్. మళ్లీ ఇంకో ముద్ద. ఇలా రోజుకు ఏడెనిమిది గంటలు!

ఈ నమలడంలో రెండు పనులు జరుగుతాయి. పీచు చిన్నచిన్న ముక్కలవుతుంది. నోట్లో లాలాజలం ఊరుతుంది. కొంచెమేం కాదు, పెద్ద ఆవులో రోజుకు 100 లీటర్లకు పైనే. అందులో ఉండేది బైకార్బొనేట్, అంటే మన వంటసోడా బాపతు. లోపల తయారయ్యే ఆమ్లాలు హద్దు దాటకుండా చూసేది ఇదే. ఈ వంటసోడా సంగతి గుర్తుపెట్టుకోండి, అన్నం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

లాలాపేట డెయిరీ, ఎన్ఐఎన్.. ఈ పొట్టతో వాటికేం పని?

తార్నాక పక్కనే లాలాపేటలో విజయ డెయిరీ ఉంది. పాలు పోసే రైతుకు వచ్చే డబ్బు వెన్న శాతాన్ని బట్టి మారుతుంది. ఆ వెన్న తయారు కావడానికి ముఖ్యమైన ముడిసరుకు అసిటిక్ ఆమ్లం. అది ఎక్కువగా వచ్చేది పీచు నుంచే. అందుకే పచ్చగడ్డి, చొప్ప తగ్గించి దాణా మాత్రమే దంచి పెడితే పాలు పెరిగినా వెన్న పడిపోతుంది. చొప్ప దండగ అనుకునే కొత్త పాడి రైతులు మొదట దెబ్బతినేది ఇక్కడే.

ఓయూకు ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్ ఉంది. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ ఇది. అక్కడి పరిశోధనల్లో తరచూ వినిపించే మాట విటమిన్ బి12. ఈ విటమిన్‌ను మొక్కలు తయారుచేయవు, జంతువులూ చేయవు. బ్యాక్టీరియా మాత్రమే చేస్తాయి. మేతలో కోబాల్ట్ అనే ఖనిజం కాస్త ఉంటే చాలు, రూమెన్‌లోని బ్యాక్టీరియా బి12 చేసి పెడతాయి. అది పాలలోకి వస్తుంది. మాంసం, గుడ్డు ముట్టని వాళ్లకు బి12 దొరికే ముఖ్యమైన దారి ఈ పాలు, పెరుగే. మన పేగుల్లోనూ బి12 చేసే బ్యాక్టీరియా లేకపోలేదు. కానీ అవి ఉండేది పెద్దపేగులో. ఒంటికి పట్టే చోటు అంతకంటే ముందే అయిపోతుంది.

మరి ఆవుకు ప్రోటీన్ ఎలా? ఇది ఇంకా ఆశ్చర్యం. రూమెన్‌లో పెరిగిన బ్యాక్టీరియా ద్రవంతో పాటు ముందుకు కొట్టుకుపోయి అబోమాసమ్‌లో పడతాయి. అక్కడి యాసిడ్ వాటిని చంపేస్తుంది, ఎంజైమ్‌లు అరిగించేస్తాయి. అంటే ఆవు గడ్డి మేపి బ్యాక్టీరియాను పెంచుతుంది, ఆ తర్వాత వాటినే తినేస్తుంది! మన శాకాహారి ఆవు సంగతి ఇదన్నమాట.

ఇప్పుడు కవర్ దగ్గరకు వద్దాం

రూమెన్‌లో మూడు పొరలుంటాయి. పైన గ్యాస్, మధ్యలో పరుపులా తేలే గడ్డి, కింద ద్రవం. ఇక్కడి నుంచి మూడో గది ఒమాసమ్‌లోకి వెళ్లడానికి రెటిక్యులమ్ దగ్గర ఓ చిన్న ద్వారం ఉంటుంది. అక్కడ రూల్ చాలా సింపుల్. నీళ్లు పోవచ్చు, కొన్ని మిల్లీమీటర్ల లోపు ముక్కలు పోవచ్చు. పెద్దవి ఆగాలి. మళ్లీ నెమరుకు వెళ్లి, నలిగి, మళ్లీ రావాలి. గడ్డికి ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది.

ప్లాస్టిక్ కవర్‌కు? నెమరుతో అది గడ్డిలా నలగదు. ఏ బ్యాక్టీరియా దాన్ని పట్టించుకోదు. గేటు దగ్గర సైజు తగ్గదు. అందుకే లోపలే ఉండిపోతుంది. మర్నాడు ఇంకో కవర్. ఆ తర్వాత ఓ నైలాన్ తాడు ముక్క. రూమెన్ మరో పక్క కలియబెడుతూనే ఉంటుంది కదా.. అవన్నీ ఒకదానికొకటి చుట్టుకుని పురిపెట్టినట్టు గట్టి ఉండ అవుతాయి. బయోగ్యాస్ ప్లాంట్‌లోకి వెళ్లే చెత్తలోంచి ప్లాస్టిక్ ఏరేయడానికి మనుషులుంటారు. ఆవు గొంతు దగ్గర ఏరడానికి ఎవరూ లేరు.

మేక అయితే పెదాలతో ఆకు ఆకూ ఏరుకుని తింటుంది. ఆవు నాలుకతో చుట్టి లాగేస్తుంది. ఏది గడ్డి, ఏది మేకు అని చూసుకోదు. ఇలా లోపలికెళ్లిన మేకులు, తీగ ముక్కలు బరువుకు రెటిక్యులమ్ గళ్లలో దిగుతాయి. దానికీ గుండెకూ మధ్య ఉండేది ఓ పల్చటి పొర మాత్రమే. రెటిక్యులమ్ ముడుచుకున్నప్పుడు ఆ మేకు ముందుకు గుచ్చుకుంటే గుండె సంచి దాకా వెళ్లొచ్చు. కొన్ని దేశాల్లో ముందుజాగ్రత్తగా ఆవులతో ఓ అయస్కాంతం మింగిస్తారు. ఇనుము దానికి అతుక్కుని కదలకుండా ఉంటుందని. ప్లాస్టిక్‌కు అలాంటి ఉపాయం కూడా లేదు.

ఉండ పెరిగేకొద్దీ పొట్ట నిండినట్టే ఉంటుంది, తినాలనిపించదు. నెమరు తగ్గుతుంది. పాలు తగ్గుతాయి. బయటికి మాత్రం ఎడమ డొక్క నిండుగా కనిపిస్తుంది. చూసినవాళ్లు బాగా తిన్నదనుకుంటారు. నిజానికి అది ఆకలితో చిక్కిపోతుంటుంది. కరిగించే మందు లేదు. ఎడమ డొక్క దగ్గర మత్తు ఇచ్చి, కోసి, రూమెన్ తెరిచి చేత్తో తీయాల్సిందే.

ఎంత ఉంటుందనుకుంటున్నారు? 2019 అక్టోబర్‌లో చెన్నైలో ఒక్క ఆవు పొట్టలోంచి డాక్టర్లు 52 కిలోల ప్లాస్టిక్ తీశారు. 2021లో హర్యానాలోని ఫరీదాబాద్‌లో ఓ గర్భిణి ఆవు కడుపులో 71 కిలోల చెత్త బయటపడింది. ఆ ఆవు బతకలేదు, దూడ కూడా దక్కలేదు.

ఈ విషయంలో దేశంలోని పెద్ద కోర్టు తలుపు తట్టింది మన తెలుగు నేల నుంచే. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ ఫర్ యానిమల్స్ అండ్ నేచర్ 2012లో సుప్రీంకోర్టులో పిటిషన్ వేసిన వారిలో ఉంది. రోడ్ల మీద తిరిగే పశువులు ప్లాస్టిక్ తిని చనిపోతున్నాయన్నదే అందులోని ఫిర్యాదు. అదే ఏడాది కునాల్ వోహ్రా తీసిన 'ది ప్లాస్టిక్ కౌ' డాక్యుమెంటరీ కూడా వచ్చింది. పదేళ్ల తర్వాత, 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులపై దేశమంతా నిషేధం అమల్లోకి వచ్చింది. క్యాంపస్ దారిలో నేను చూసిన నల్ల కవర్ అందులో సగం మందం కూడా లేదనిపించింది.

కవర్ సరే.. లోపలున్న అన్నం మాటేంటి?

ప్లాస్టిక్ నెలలు, ఏళ్లు తీసుకుంటుంది. అన్నం ఒక్క రోజులో చంపేయగలదు. ఇది చాలామందికి తెలియదు. మాకూ తెలియదు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు ఊళ్లో మా ఇంట్లో పెళ్లి జరిగింది. రెండు గంగాళాల అన్నం మిగిలిపోయింది. పారేస్తే పాపమని మా వాళ్లు కుడితి గోలెంలో పోశారు. ఆవు ఇష్టంగా తిన్నది. మర్నాడు పొద్దున లేవలేదు. విరేచనాలు, పుల్లటి వాసన. డాక్టర్ వచ్చేసరికే ఆలస్యమైంది. దిష్టి తగిలిందన్నారు ఇంట్లో. కారణమేంటో నాకు తెలిసింది ఇన్నేళ్లకు, ఈ స్టోరీ కోసం చదువుతుంటే.

జరిగేది ఇదీ. గడ్డి నెమ్మదిగా పులుస్తుంది. ఉడికిన అన్నం మాత్రం పిండి పదార్థం, క్షణాల్లో దొరికే తిండి. ఒక్కసారిగా పెద్ద మొత్తంలో పడితే పిండిని తినే కొన్ని బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తాయి. అన్నానికి నమలాల్సిన పని లేదు, నెమరు లేదు. నెమరు లేకపోతే లాలాజలం రాదు. అది రాకపోతే వంటసోడా లేదు! ఆమ్లత్వం మామూలుగా 6 నుంచి 7 మధ్య ఉండాల్సిన పీహెచ్ 5 కంటే కిందకు పడిపోతుంది. గడ్డిని అరిగించే బ్యాక్టీరియా చచ్చిపోతాయి. రూమెన్ కదలడం ఆగిపోతుంది. రక్తంలోని నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది. ఆవు తూలుతుంది, కూలబడుతుంది. బయోగ్యాస్ ట్యాంకులో ఒకేసారి ఎక్కువ చెత్త వేసినా ఇంతే, పులిసిపోయి గ్యాస్ ఆగిపోతుంది. ట్యాంకును మళ్లీ దారికి తెచ్చుకోవచ్చు.

మరి తరతరాలుగా కుడితి పెడుతున్నాం కదా అంటారా? కుడితిలో ఉండేది కడుగు నీళ్లు, కాస్త తవుడు, గుప్పెడు మెతుకులు. అదీ రోజూ. దానికి లోపలి బ్యాక్టీరియా అలవాటుపడి ఉంటాయి. పండగ పూట చేతిలో పెట్టే ముద్ద వల్ల కూడా ఏమీ కాదు. ప్రమాదమంతా అలవాటు లేని పశువుకు ఒకేసారి బుట్టలకొద్దీ అన్నం, బిర్యానీ, పూరీలు, పిండి పెట్టడంలోనే. ఫంక్షన్ హాళ్ల వెనక జరిగేది అదే. పెట్టాలనుకుంటే పచ్చగడ్డి కట్ట, ఆకుకూర కాడలు మంచివి. కూరగాయల తొక్కలు పెట్టొచ్చు, కవర్‌లోంచి నేల మీద పోసి.

పశువు ఎక్కువ అన్నం తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. సోడా నీళ్లు, నూనె అంటూ సొంతంగా గొట్టంతో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంకా ప్రమాదం. సంచార పశువైద్యం కోసం 1962 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది. ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు చెప్పగలిగితే డాక్టర్‌కు సగం పని అయిపోతుంది: ఏం తిన్నది, ఎంత సేపైంది, చివరిసారి నెమరువేయడం ఎప్పుడు చూశారు.